విటమిన్ ‘ఏ’ – గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పూర్వస్థితి : ఒక పరిశీలన

రేచీకటి అన్న మాట తెలుగువారికి కొత్తది కాదు. ప్రొద్దు గ్రుంకిన తరువాత చూపు ఆనని ఆ జబ్బుకు మన పల్లెలలో ఏనాటి నుండియో ఈ పేరున్నది. ఉర్దూలో దానినే షబ్‌కోరీ అంటారు. పేరున్న వ్యాధికి మందు వెదకడం సులభం. ప్రాచీన ఈజిప్టు వైద్య పత్రాలలోను, గ్రీకు వైద్యుల గ్రంథాలలోను ఈ జబ్బుకు జంతువుల కాలేయమే మందుగా చెప్పబడినది. ఆ కాలేయంలో దాగి ఉన్న గుణం విటమిన్ ‘ఏ’ అని తెలియడానికి మాత్రం ఇరవయ్యవ శతాబ్దం రావలసి వచ్చినది.

ఐతే స్త్రీ శరీరంలో గర్భాశయపు ముఖద్వారం వద్ద, నొప్పి లేకుండా, పైకి ఏ గుర్తూ కనిపించకుండా, ఏళ్ళ తరబడి పెరిగే ఒక మార్పునకు మన ఇళ్ళలో ఏ పేరూ లేదు. వైద్యులు దానిని క్యాన్సర్ పూర్వస్థితి అంటారు. పేరు లేదు గనుక ప్రస్తావన లేదు. ప్రస్తావన లేదు గనుక పరీక్ష లేదు. 2022వ సంవత్సరపు అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సోకినది. సుమారు 80,000 మంది దానితో మరణించారు. ముందుగా కనుగొంటే దాదాపు పూర్తిగా నివారించదగిన వ్యాధికి ఇంతమంది తల్లులను అప్పగించడం సామాన్య విషయం కాదు.

మేమెరిగిన ఒక కుటుంబంలో నలభై అయిదేళ్ళ ఇల్లాలికి నెలసరితో సంబంధం లేకుండా ఎరుపు కనిపించసాగినది. సిగ్గు చేత ఆమె కొన్ని నెలలు ఎవరితోను చెప్పలేదు. చెప్పిన తరువాత, నీరసం వలన అయి ఉంటుందని ఇంటివారు విటమిన్ బిళ్ళలు తెచ్చి ఇచ్చారు. ఏడాది పాటు ఆమె వాటినే మ్రింగినది. పెద్దాసుపత్రికి చేరేనాటికి వ్యాధి గర్భాశయాన్ని దాటిపోయినది.

ఆ బిళ్ళలు తెచ్చినవారు ప్రేమతోనే తెచ్చారు. వారి నమ్మకాన్ని చూసి నవ్వడం కూడా తగదు. ఎందుకనగా, క్యాన్సర్ పూర్వస్థితిని విటమిన్ ‘ఏ’ జాతి పదార్థాలతో వెనుకకు మళ్ళించవచ్చునా అని ఎందరో శాస్త్రజ్ఞులు దశాబ్దాల తరబడి శోధించారు. వారి ఆశకు బలమైన కారణాలున్నవి. ఆ ఆశ ఎట్లు పుట్టినది, పరీక్షకు నిలిచినదా, నిలిచినంత మేరకు దాని విలువ యెంత అన్న విషయాలను ఈ వ్యాసంలో క్రమంగా పరిశీలిస్తాము.

విటమిన్ ‘ఏ’ చేసే పని

1913లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఎల్మర్ మెకాలమ్, మార్గరెట్ డేవిస్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలకు వేరువేరు కొవ్వులు కలిపిన ఆహారం పెట్టి చూశారు. ఆలివ్ నూనె వంటి కొవ్వు మాత్రమే తిన్న ఎలుకల ఎదుగుదల కొంతకాలానికి ఆగిపోయినది. వెన్న నుండి గాని, గ్రుడ్డులోని పచ్చసొన నుండి గాని తీసిన కొవ్వును చేర్చగానే అవి తిరిగి పెరిగినవి. కొవ్వులో కరిగి ఉండే ఈ పోషకమే తరువాత విటమిన్ ‘ఏ’ అని పేరు పొందినది. 1931లో పాల్ కారర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీని నిర్మాణాన్ని కనుగొన్నాడు. 1937లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది.

ఈ విటమిన్ మనకు రెండు రూపాలలో అందుతుంది. కాలేయం, గ్రుడ్డు, పాలు, వెన్న వంటి వాటిలో సిద్ధంగా ఉన్న రూపం రెటినాల్. ఆకుకూరలు, పండిన మామిడి, బొప్పాయి, క్యారెట్ వంటి వాటిలో ఉండే బీటా కెరోటిన్ అనే వర్ణపదార్థాన్ని మన శరీరం తనకు కావలసినంత మేరకు రెటినాల్‌గా మార్చుకొంటుంది. శరీరంలో రెటినాల్ నుండి రెటినాయిక్ ఆమ్లం తయారవుతుంది. వీటికి తోడు, ఇదే నమూనాలో ప్రయోగశాలలో తయారు చేసిన పదార్థాలు అనేకం కలవు. ఈ కుటుంబమంతటికీ రెటినాయిడ్లు అని పేరు.

విటమిన్ ‘ఏ’ అనగానే మనకు కన్ను గుర్తుకు వస్తుంది. కాని దాని పని కంటితో ఆగదు. 1925లో బోస్టన్ నగరంలో వోల్‌బాక్, హౌ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విటమిన్ అందని ఎలుకల శరీరాలను పరీక్షించారు. శ్వాసనాళం, మూత్రమార్గం, గర్భాశయం మొదలైన అవయవాల లోపలి పొర, అనగా ఉపకళ, సహజంగా మెత్తగా, తేమగా ఉంటుంది. విటమిన్ కరవైన ఎలుకలలో ఆ పొర స్థానంలో గోరులోను, కొమ్ములోను ఉండే కెరాటిన్ అనే పదార్థంతో నిండిన పొడి పొర ఏర్పడినది. విటమిన్ తిరిగి అందించినప్పుడు ఆ పొర మెల్లగా పూర్వరూపానికి వచ్చినది. అనగా ఒక కణం ఎట్టి రూపం ధరించవలెనో నిర్ణయించుటలో ఈ విటమిన్‌కు పాత్ర ఉన్నదన్న మాట.

ఆ పాత్ర ఎట్టిదో 1987లో స్పష్టమయినది. ఫ్రాన్సులో పియర్ షాంబోన్, అమెరికాలో రోనాల్డ్ ఎవాన్స్ నాయకత్వాన పనిచేసిన రెండు బృందాలు వేరువేరుగా రెటినాయిక్ ఆమ్లానికి చెందిన గ్రాహకాన్ని కనుగొన్నవి. ఈ గ్రాహకం కణకేంద్రకంలో ఉంటుంది. రెటినాయిక్ ఆమ్లం వచ్చి దానిని చేరినప్పుడు కొన్ని జన్యువులు పనిచేయడం మొదలుపెడతవి, కొన్ని ఆగిపోతవి. కణం విచ్చలవిడిగా విభజన చెందక, పక్వమై తన పని తాను చేసుకొనే స్థితికి రావడంలో ఈ అదుపు ముఖ్యమైనది.

ఈ విటమిన్ చరిత్రలో మన హైదరాబాదుకు కూడా స్థానమున్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ చేసిన క్షేత్ర పరిశోధనల ఆధారంగానే, చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి 2,00,000 యూనిట్ల విటమిన్ ‘ఏ’ ద్రవాన్ని నోటిలో పోసే జాతీయ కార్యక్రమం 1970లో ప్రారంభమయినది. ఎందరో పసివారి కళ్ళను అది కాపాడినది. ఒక వ్యాధికి ఇంత చక్కగా పనిచేసిన పదార్థం మరొక వ్యాధికి కూడా పనిచేయునేమో అని ఆశించడం మానవ సహజం.

ముఖద్వారంలో జరిగే మార్పు

గర్భాశయం తలక్రిందులుగా ఉన్న బేరిపండు ఆకారంలో ఉంటుంది. దాని క్రింది సన్నని భాగం గర్భాశయ గ్రీవం. దాని తెరపియే ముఖద్వారం. ఈ చోట రెండు రకాల ఉపకళలు కలుసుకొంటవి. లోపలి వైపు ఒకే వరుసగా నిలువుపాటి కణాలు. వెలుపలి వైపు ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న చదునైన కణాలు. ఈ సంధి ప్రదేశంలో ఒక రకపు పొర మరొక రకంగా మారడం స్త్రీ జీవితంలో సహజంగా జరుగుతూనే ఉంటుంది. మారుతూ ఉండే చోటు గనుకనే ఇది వ్యాధికి సులువుగా లొంగుతుంది.

ఆ వ్యాధికి మూలమేమిటన్న ప్రశ్నకు జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సుర్ హౌజెన్ సమాధానం చూపినాడు. ఆయన బృందం 1983లో పాపిలోమా వైరస్ 16వ రకాన్ని, మరుసటి ఏడాది 18వ రకాన్ని ఈ క్యాన్సర్ కణాలలో గుర్తించినది. 2008లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. ప్రపంచంలోని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. ఈ వైరస్ దాంపత్య సంబంధం ద్వారా సోకుతుంది. ఇది అతి సాధారణమైనది. సోకిన వారిలో అత్యధికులకు ఒకటి రెండేళ్ళలో దానంతట అదే పోతుంది. ఎప్పుడో వివాహమైన క్రొత్తలో సోకినది ఇరవై ఏళ్ళకు బయటపడవచ్చును. కావున దీనిని బట్టి ఎవరి శీలాన్నైనా శంకించడం అజ్ఞానమే కాక అన్యాయం కూడా.

కొద్దిమందిలో మాత్రం వైరస్ పోక, తిష్ఠ వేసుకొంటుంది. అది తయారు చేసే ఈ-6, ఈ-7 అనే రెండు మాంసకృత్తులు కణవిభజనను అదుపులో ఉంచే మన కాపలా మాంసకృత్తులను పని చేయనీయవు. అప్పుడు కణాలు వికృతరూపం దాల్చడం మొదలవుతుంది. వికృత కణాలు పొరలోని అడుగు మూడవ వంతు వరకే ఉంటే మొదటి దశ. మూడింట రెండు వంతుల వరకు వ్యాపిస్తే రెండవ దశ. పొర మందమంతా నిండితే మూడవ దశ. ఈ మూడింటిలోను కణాలు పొరను దాటి లోతుకు పోలేదు గనుక ఇది క్యాన్సర్ కాదు, పూర్వస్థితి మాత్రమే. ఇక్కడి నుండి క్యాన్సర్ వరకు సాధారణంగా పది, పదిహేను, ఇరవై ఏళ్ళు కూడా పట్టవచ్చును. ఈ దీర్ఘకాలమే వైద్యశాస్త్రానికి లభించిన అవకాశం. పైన చెప్పిన ఇల్లాలికి కనిపించిన ఎరుపు పూర్వస్థితి లక్షణం కాదు. ఆ అవకాశం దాటిపోయిందేమో వెంటనే చూడండని శరీరం చేసిన హెచ్చరిక.

ఆశకు ఆధారాలు

పై రెండు భాగాలను కలిపి చదివినవారికి శాస్త్రజ్ఞుల ఊహ సులభంగానే తెలుస్తుంది. విటమిన్ ‘ఏ’ కరవైతే ఉపకళ దారి తప్పుతుంది. చేరిస్తే దారికి వస్తుంది. క్యాన్సర్ పూర్వస్థితి కూడా ఉపకళ దారి తప్పడమే. మరి దానిని కూడా దారికి తేవచ్చును కదా!

దీనికి మరికొన్ని ఆధారాలు తోడయినవి. ప్రయోగశాలలో పాపిలోమా వైరస్ సోకిన కణాలకు రెటినాయిక్ ఆమ్లం కలిపినప్పుడు వాటి పెరుగుదల తగ్గినది. ఈ-6, ఈ-7ల ఉత్పత్తి కూడా తగ్గినది. పూర్వస్థితి ఉన్న స్త్రీల రక్తంలో కెరోటిన్ తక్కువగా ఉన్నదని కొన్ని పరిశీలనలు తెలిపినవి. 1976లో మైకేల్ స్పోర్న్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, క్యాన్సర్ వచ్చిన తరువాత చంపుటకన్న రాకముందే రసాయనాలతో ఆపడం మేలన్న భావానికి రసాయన నివారణ అన్న పేరు పెట్టినాడు. ఆయన దృష్టిలో ఉన్న పదార్థాలలో రెటినాయిడ్లు ముఖ్యమైనవి. ముఖద్వారం వైద్యునికి నేరుగా కనిపించే చోటు. మందును అక్కడే పూయవచ్చును. చిన్న ముక్క తీసి పరీక్షించి ఫలితం చూడవచ్చును. ఇంతకన్న అనువైన పరీక్షాస్థలం లేదనిపించినది.

ఐతే విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగవలెను. రక్తంలో కెరోటిన్ తక్కువగా ఉన్నవారికి వ్యాధి ఉన్నదనడం వేరు. కెరోటిన్ తక్కువైనందువలన వ్యాధి వచ్చినదనడం వేరు. ఆకుకూరలకు నోచుకోని పేదరాలు వైద్యునికీ నోచుకోదు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కానేరదు.

పోల్చి చూడవలసిన అవసరం

మరి సత్యం తేలేదెట్లు? దీనికి మార్గం మన పూర్వులకు తెలియనిది కాదు. సుమారు 1,100 ఏళ్ళ క్రితం జకరియా రాజీ అనే మహావైద్యుడు, మెదడు పొరల వాపు లక్షణాలున్న రోగులలో కొందరికి నెత్తురు తీసే చికిత్స చేసి, కొందరికి కావాలనే చేయక, ఫలితాలను పోల్చి చూసినట్లు తానే వ్రాసుకున్నాడు. ఆయన తరువాత ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో మందులను పరీక్షించడానికి నియమాలు విధించినాడు. మందు గుణం ఎప్పుడూ ఒకే విధంగా కనిపించవలెనని, పరీక్ష మనిషి మీదనే జరగవలెనని, జంతువు మీద పనిచేసినంత మాత్రాన మనిషి మీద పనిచేయునని చెప్పలేమని ఆయన హెచ్చరించినాడు. మన యునానీ హకీములు గౌరవించే ఈ గ్రంథంలోని ఆ నియమాలు నేటికీ పాతబడలేదు.

పూర్వస్థితి విషయంలో పోలిక మరీ అవసరం. ఎందుకనగా మొదటి, రెండవ దశలు చాలామందిలో ఏ మందూ లేకుండానే తగ్గిపోతవి. పోలిక లేనిచో ఆ తగ్గుదల అంతా మందు ప్రభావమే అని మనము భ్రమపడతాము. మూడవ దశ సంగతి వేరు. న్యూజిలాండులోని ఆక్లండ్ నగరంలో 1960, 1970 దశకాలలో ఒక వైద్యుడు మూడవ దశ క్యాన్సర్‌గా మారదన్న నమ్మకంతో కొందరు స్త్రీలకు సరియైన చికిత్స చేయక గమనిస్తూ ఉండిపోయినాడు. వారి అనుమతి కూడా తీసికొనలేదు. ఆ రికార్డులను తిరిగి పరిశీలించి 2008లో ప్రకటించిన ఫలితం ప్రకారం, చికిత్స సరిగా అందని వారిలో 30 ఏళ్ళలో నూటికి 31 మందికి క్యాన్సర్ వచ్చినది. మామూలు చికిత్స పొందినవారిలో వేయికి 7 మందికి మాత్రమే వచ్చినది. ఊహను పరీక్షించక నమ్మితే జరిగే నష్టానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

అరిజోనా పరీక్ష

విటమిన్ ‘ఏ’ ఊహకు ఒక పెద్ద పరీక్ష అమెరికాలోని అరిజోనాలో జరిగినది. ఫ్రాంక్ మైస్కెన్స్, ఆయన సహచరులు దాని ఫలితాలను 1994లో ప్రకటించారు. రెండవ, మూడవ దశలలో ఉన్న 301 మంది స్త్రీలు ఇందులో పాల్గొన్నారు. కొల్లాజెన్ అనే పదార్థంతో చేసిన స్పాంజి ముక్కలో రెటినాయిక్ ఆమ్లాన్ని పీల్పించి, చిన్న టోపీ వంటి అమరికతో దానిని ముఖద్వారానికి తొడిగారు. మొదట వరుసగా నాలుగు రోజులు, ఆ తరువాత 3, 6, 9, 12వ నెలలలో రెండేసి రోజులు ఈ చికిత్స జరిగినది. కొందరికి మందున్న స్పాంజి, కొందరికి మందు లేని స్పాంజి. ఎవరికి ఏది అన్నది చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయమయినది.

ఫలితమిది: రెండవ దశ స్త్రీలలో మందు పొందినవారికి 43 శాతం మందిలో వ్యాధి పూర్తిగా తగ్గినది. మందు లేని స్పాంజి పొందినవారిలో కూడా 27 శాతం మందికి తగ్గినది! మూడవ దశలో మాత్రం రెండు వర్గాలకూ భేదం కనిపించలేదు. మందు వలన కలిగిన బాధ స్వల్పమే. కొంత మంట, దురద కలిగి తగ్గినవి.

ఈ అంకెలను ఎట్లు చదవవలెనో విద్యార్థులు గమనించవలెను. పోలిక వర్గమే లేకపోతే ‘నూటికి 43 మందికి నయం’ అని పత్రికలు వ్రాసేవి. పోలిక ఉన్నందున, ఆ 43లో 27 ప్రకృతి వాటా అనియు, మందు వాటా సుమారు 16 మాత్రమే అనియు తేలినది. పదహారు స్వల్పమే కావచ్చును, కాని శూన్యం కాదు. ఆశ మిగిలినది; ఐతే దాని కొలత కూడా తెలిసినది.

తరువాతి ఫలితాలు

ఆ మిగిలిన ఆశ వెంట మరికొన్ని పరీక్షలు నడిచినవి. ఫెన్‌రెటినైడ్ అనే కృత్రిమ రెటినాయిడ్‌ను నోటి ద్వారా ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2001లో వచ్చినవి. మందు తీసికొన్న వారికన్న ఉత్త బిళ్ళ తీసికొన్న వారే మెరుగుగా ఉన్నారు. హెచ్.ఐ.వి. సోకిన స్త్రీలకు ఐసోట్రెటినాయిన్ ఇచ్చిన పరీక్షలో 2002లో ప్రయోజనం కనిపించలేదు. 2003లో 9-సిస్ రెటినాయిక్ ఆమ్లం కూడా విఫలమయినది. 2004లో రెటినాయిక్ ఆమ్లాన్నే వేరువేరు మోతాదులలో నాలుగు రోజులు పూసి చూసినపుడు ఏ మోతాదూ మేలు చేసినట్లు తేలలేదు. బీటా కెరోటిన్ బిళ్ళలతో నెదర్లాండ్సులో 1991లోను, ఆస్ట్రేలియాలో 1999లోను ప్రకటితమైన పరీక్షలలో కూడా ఫలితం లేదు.

ఇట్టి పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సమీక్ష 2007లో వెలువడి, 2013లో సవరింపబడినది. దాని తీర్పు సంగ్రహంగా ఇది: రెటినాయిడ్లు మూడవ దశను తగ్గించలేవు, రెండవ దశలో కొంత ప్రభావం ఉండవచ్చును, మొదటి దశ గురించి తీర్పు చెప్పడానికి తగిన ఆధారాలు లేవు.

ప్రయోగశాలలో లొంగిన కణం స్త్రీ శరీరంలో ఎందుకు లొంగలేదు? పూర్వస్థితి ముదిరిన కొలదీ రెటినాయిక్ ఆమ్లపు గ్రాహకాలలో బీటా రకం తగ్గిపోతున్నట్లు పరిశోధకులు గమనించారు. ఉత్తరం వ్రాసినా అందుకొనే ఇల్లు మూతపడితే ఏమి లాభం? ఎలుకకు కలిగినది కరవు. కరవును తీరిస్తే జబ్బు తీరినది. స్త్రీకి సోకినది వైరస్. ఆమెకు విటమిన్ కరవు లేకపోయినను వ్యాధి వస్తుంది. ఈ రెండింటి నడుమ ఉన్న భేదమే అసలు కీలకమని మాకు తోచుచున్నది.

మితిమీరిన విటమిన్

‘మేలు చేయకపోతే మానె, కీడు చేయదు కదా’ అని కొందరు అనుకొనవచ్చును. ఇది పొరపాటు. విటమిన్ ‘సి’ ఎక్కువైతే చాలా భాగం మూత్రంలో పోతుంది. విటమిన్ ‘ఏ’ అట్లు కాదు. కొవ్వులో కరిగేది గనుక కాలేయంలో నిలువ ఉంటుంది. ఉత్తర ధ్రువ ప్రాంతంలో ధ్రువపు ఎలుగుబంటి కాలేయాన్ని తిన్న యాత్రికులు తీవ్రంగా జబ్బుపడిన సంఘటనలున్నవి. ఆ కాలేయంలో విటమిన్ ‘ఏ’ విపరీతంగా ఉండడమే దానికి కారణం.

దీనికన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. మొటిమల చికిత్సకు 1982లో అమెరికాలో అనుమతి పొందిన ఐసోట్రెటినాయిన్‌ను గర్భవతులు వాడినప్పుడు శిశువులలో తీవ్రమైన అవయవ లోపాలు కలిగినవి. విటమిన్ ‘ఏ’ను గర్భవతులు అధిక మోతాదులో తీసికొన్నా ప్రమాదమే. పూర్వస్థితి కనిపించేది పిల్లలను కనే వయస్సులోనే కదా! కనుక వైద్యుని సలహా లేకుండా ఈ జాతి మందులను స్త్రీలు వాడరాదు.

బీటా కెరోటిన్ నిరపాయమని చాలాకాలం నమ్మినారు. ఫిన్‌లాండులో 29,133 మంది పొగత్రాగే పురుషులపై జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చినప్పుడు ప్రపంచం నివ్వెరపోయినది. కెరోటిన్ బిళ్ళలు మ్రింగిన వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగినది. అమెరికాలో జరుగుతున్న ఇట్టి మరొక పరీక్షను ఇదే కారణం చేత 1996లో మధ్యలో ఆపివేశారు. ఆకుకూరలోని కెరోటిన్ వేరు, సీసాలోని కెరోటిన్ వేరు అని దీని వలన గ్రహించవలెను.

నేడు మన చేతిలో ఉన్నవి

విటమిన్ చేయలేని పనిని చేయగల సాధనాలు నేడు మూడు ఉన్నవి.

మొదటిది టీకా. వైరస్ సోకక ముందే, అనగా 9 నుండి 14 ఏళ్ళ వయస్సులో, బాలికలకు ఇస్తే 16, 18 రకాల నుండి రక్షణ కలుగుతుంది. మన దేశంలోనే తయారైన టీకాకు 2022లో అనుమతి లభించినది.

రెండవది పరీక్ష. ముప్పై ఏళ్ళు దాటిన స్త్రీలకు అయిదేళ్ళకొకసారి ఈ పరీక్ష జరగవలెనని భారత ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చినది. ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని, అనగా వెనిగర్ వంటి ద్రవాన్ని, పూసి ఒక నిమిషం ఆగి చూస్తే వికృత కణాలున్న చోటు తెల్లబడుతుంది. ఇది నొప్పి లేనిది, ఖర్చు లేనిది. ముంబయిలో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది ఈ పరీక్ష చేయగా, ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గినవని 2014లో వెల్లడి అయినది. పూర్వపు హైదరాబాదు సంస్థానంలో భాగమైన ఉస్మానాబాదు జిల్లాలో, ఒక్కసారి వైరస్ పరీక్ష చేసినందువలననే మరణాలు దాదాపు సగానికి తగ్గినవని 2009లో ప్రకటితమయినది. మన అమ్మల వంటి పల్లె స్త్రీలే ఈ సత్యాన్ని ప్రపంచానికి నిరూపించి ఇచ్చారు.

మూడవది చికిత్స. పూర్వస్థితి కనిపించిన చోటును అతిశీతలంతో గడ్డకట్టించి గాని, వేడితో గాని నశింపజేస్తారు; లేదా విద్యుత్తు ప్రవహించే తీగ ఉచ్చుతో ఆ భాగాన్ని తీసివేస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్ళవచ్చును. గర్భాశయం తీసివేయవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

మరి విటమిన్ ‘ఏ’ను మరచిపోవలెనా? ఎంతమాత్రమూ కాదు. తోటకూర, మునగాకు, పాలకూర, బొప్పాయి, పండిన మామిడి, గ్రుడ్డు, పాలు మన భోజనంలో ఉండవలసినవే. ఆకుకూరకు కొద్దిగా నూనె చేరితే అందులోని కెరోటిన్ బాగా ఒంటబడుతుంది. కంటికి, పిల్లల ఎదుగుదలకు, రోగనిరోధక శక్తికి విటమిన్ ‘ఏ’ ఎంతో అవసరం. ఐతే అది భోజనం. పరీక్షకు బదులు కాదు.

ముగింపు

భాషను బోధించే మేము ఒక మాటను గుర్తు చేయదలచినాము. గర్భాశయాన్ని అరబ్బీలో ‘రహిమ్’ అంటారు. కరుణ అనే అర్థంలో మనము నిత్యం పలికే ‘రహమత్’ అన్న పదం కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే. కరుణతో పేరు పంచుకొన్న అవయవాన్ని గురించి తల్లీకూతుళ్ళు మాట్లాడుకొనడానికి సిగ్గుపడవలసిన పని లేదు. హయా అంటే చూపును, నడతను కాపాడుకొనడం గాని, ప్రాణాన్ని పోగొట్టుకొనడం కాదు. స్త్రీ వైద్యురాలి వద్ద, ఏకాంతంగా, కొద్ది నిమిషాలలో ముగిసే పరీక్ష అది.

కళాశాల పాలక సంఘం పెద్దలకు మా విన్నపం ఒకటి. ఏడాదికి ఒకనాడు విద్యార్థుల తల్లులను కళాశాలకు ఆహ్వానించి, ఒక వైద్యురాలి చేత ఉర్దూలోను తెలుగులోను ఈ విషయం చెప్పించవలెను. దానికి పెద్ద ఖర్చు కాదు. ఒక గది, ఒక పూట చాలును.

విద్యార్థినీ విద్యార్థులకు మా విన్నపం ఇంకను చిన్నది. ఈ సంచిక ఇంటికి చేరిన రోజున ఈ పుటలను అమ్మకు చదివి వినిపించండి. ఆమె ముప్పై ఏళ్ళు దాటినది గదా! ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకొన్నదా అని అడగండి. లేదంటే, ఆమె వెంట మీరే వెళ్ళండి.